పిట్టలు దున్నిన మడి

"సోమరిపోతునా? నేనా?"

సెడ్రిక్ ఓల్డ్‌రాయిడ్ టీ మగ్గుని బల్ల మీద కొట్టిన కొట్టుడికి పళ్ళెంలో ఉన్న అల్లం కేకు ముక్క ఎగిరి పక్కనున్న క్లెమ్ ఒళ్ళో పడింది. క్లెమ్ దాన్ని రెండువైపులా తిప్పి చూసి నోట్లో వేసుకున్నాడు. చిన్నప్పట్నుంచీ సెడ్రిక్ పక్కన కూర్చుంటున్న మనిషి కాబట్టి, ఇలాంటివి ఒళ్ళో పడితే ఏం చెయ్యాలో అతనికి తెలుసు.

థార్న్‌బెక్ ఊరి చివర, రైలుకట్టకి ఆనుకుని ఉన్న కూరగాయల మడుల మధ్య రేకుల షెడ్డు అది. మున్సిపాలిటీ దగ్గర మడి అద్దెకి తీసుకున్నవాళ్ళంతా ఆదివారం పొద్దున అక్కడ చేరి, పాలు పోసిన చిక్కటి టీ తాగుతూ ఒకరి క్యాబేజీని ఒకరు ఆడిపోసుకుంటారు. ఈ ఫిబ్రవరి ఆదివారం మాత్రం సంగతి క్యాబేజీల దాకా రాలేదు. సంఘం అధ్యక్షురాలు మ్యూరియెల్ ప్లాట్స్ కెటిల్ కింద మంట తగ్గించి ఆ మాట అనేసింది. సెడ్రిక్ మడిలో రెండేళ్ళుగా తినదగ్గదేదీ మొలవలేదు. ఉన్నదంతా దురదగొండీ, ముళ్ళకంపా, వాటి మధ్య గుంజలకి వేలాడే పిట్టల దాణా గొట్టాలూను. ఇంత సోమరితనం సంఘం చూస్తూ ఊరుకోదు. మడి వెనక్కి తీసుకుని, వరసలో ముందున్నవాళ్ళకి ఇవ్వాలి. టీలు అయ్యాక చేతులెత్తి తేల్చేద్దాం.

వరసలో ముందున్న మనిషి తలుపు పక్కనే నిలబడి ఉంది. పేరు హేజెల్ డిన్స్‌డేల్. బేకరీలో పని, చేపలు వేయించే కొట్టు మీద అద్దె గదిలో కాపురం. మెట్ల మీద బకెట్లలో టమాటాలు పెంచితే ఇంటివాడు బకెట్లతో సహా రోడ్డు మీద పెట్టించాడు. మడి కోసం పేరిచ్చి నాలుగేళ్ళయింది. ఆదివారాలు కంచె అవతల నిలబడి సెడ్రిక్ మడిని చూస్తూ, ఇక్కడ బంగాళాదుంపలు, అక్కడ చిక్కుడు పందిరి, ఆ మూల ఒక కుర్చీ అని మనసులోనే ఎన్నోసార్లు నాటేసుకుంది. ముసలాయన చోటు లాక్కుంటున్నానన్న బెరుకు మొదట్లో ఉండేది. కంచె సందులోంచి ఆయన దురదగొండి చెయ్యి చాపి ఆమె పిక్కని పలకరించిన రోజున ఆ బెరుకు కాస్తా పోయింది.

"ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో బస్సు నడిపాను," అన్నాడు సెడ్రిక్, షెడ్డులో అందరినీ ఒక్కొక్కళ్ళనీ చూస్తూ. "నా బస్సు ఒక్కనాడు ఆలస్యమైందని చెప్పమనండి ఎవర్నైనా!"

"ఎప్పుడూ ముందే వెళ్ళిపోయేది," అన్నాడు క్లెమ్. "అందుకే ఎవరికీ దొరికేది కాదు."

"నువ్వు నోరు మూసుకో. నీ లీకులు నువ్వు చూసుకో." లీకులంటే ఉల్లికాడలకి పెద్దన్నలు. క్లెమ్ మడిలో అవి ముంజేతి లావున పెరుగుతాయి, ఆ సంగతి తలచుకుంటేనే సెడ్రిక్‌కి ఒళ్ళు మంట. "అయ్యా, నేను అడుగుతున్నాను. పిట్టలు ఊరికే వస్తాయా? ఈ మడుల్లో ఇంతమంది దాణా గొట్టాలు కట్టారు. ఏమొచ్చాయి? పావురాలు, పిచ్చుకలు, మళ్ళీ పావురాలు! నాకూ మొదటేడాది అంతే. నా మడి చూస్తే రైల్వే స్టేషన్ గుర్తొచ్చేది. అప్పుడు ఆలోచించాను. నా బస్సులో ముసలమ్మలెక్కేవాళ్ళు, వాళ్ళకి డ్రైవరు వెనక సీటు కావాలి. కుర్రకారు ఎక్కేది, వాళ్ళకి పై అంతస్తులో చివరి సీటు కావాలి. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఎవరూ చూడని సీటు కావాలి. అందర్నీ ఒకే సీట్లో కుక్కితే ఎవడెక్కుతాడు? పిట్టలూ అంతే! ఒకే రకం గింజ, ఒకే గొట్టం, ఒకే కొమ్మ పెట్టి, రకరకాల పిట్టలు రావేం అని ఏడవడం ఏమన్నా న్యాయమా?"

ఇది మాత్రం నిజమే అనిపించింది హేజెల్‌కి. మ్యూరియెల్ కూడా కాదనలేదు. ఇంకో మగ్గులో టీ పోసింది.

"వలిసెలు తెచ్చాను. సన్న చిల్లుల గొట్టంలో పోశాను. వారం తిరక్కుండా గోల్డ్‌ఫించ్ దిగింది. ఎర్రటి మొహం, రెక్క మీద పసుపు పట్టీ, పండక్కి ముస్తాబైన పెళ్ళికూతుర్లా."

"నా మడిలోకీ వచ్చింది," అన్నాడు క్లెమ్.

"నీ మడిలోకి దారి అడగడానికి వచ్చింది. రాబిన్ ఉంది, దానికి వేలాడ్డం చేతకాదు, పళ్ళెం కావాలి, పళ్ళెంలో పిండిపురుగులు కావాలి, పక్కన ఇంకో రాబిన్ ఉండకూడదు. పెట్టాను. నల్లపిట్టలకి నేల మీద మగ్గిన ఆపిల్ ముక్కలు. పెట్టాను. బొటనవేలంత రెన్ పిట్ట ఉంటుంది చూశారూ, దానికి మహా సిగ్గు, జనం మధ్యకి రాదు. దాని కోసం కంచె కింద, ఎవరూ చూడనిచోట, జున్ను తురిమి చల్లాను. మీ ఇళ్ళల్లో మొగుళ్ళకి కూడా అంత సన్నగా తురిమి ఉండరు!"

"మా ఆయనకి జున్ను పడదు," అంది వెనక బల్ల మీంచి ఎవరో.

"కొవ్వు కరిగించి, ఓట్స్ కలిపి ముద్ద చేసి గుంజకి పూశాను. దానికి వడ్రంగిపిట్ట వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలీదు," అంది మ్యూరియెల్. "నాకు దురదగొండి సంగతి తెలియాలి."

"అక్కడికే వస్తున్నాను. మీరే అడ్డుపడుతున్నారు. ఆ రోజు నేను లీకులు నాటుతున్నాను. అవునమ్మా, నాటుతున్నాను, రాసుకోండి. కర్రతో ఒక చిల్లి పొడవాలి, మొక్క దింపాలి, ఇంకో చిల్లి పొడవాలి. నడుం పట్టేసింది. కాస్త ఆగి వెనక్కి వాలాను. చూస్తే ఏముందీ, వడ్రంగిపిట్ట గుంజ దిగి వచ్చి నా కర్ర వైపు చూసింది. నా వైపు చూసింది. 'ఇదేనా నీకు చేతనైంది' అన్నట్టు ఒక్క చూపు. అంతే, టకటకటకా, వరసంతా చిల్లులు! తాడు కట్టలేదు, కొలవలేదు, ఒక్క చిల్లి పక్కకి పోలేదు. ఆఖర్న తిరిగొచ్చి, నేను పొడిచిన చిల్లులు కూడా సరిచేసింది. నా పరువేం కావాలి?"

షెడ్డులో నవ్వులు లేచాయి. సెడ్రిక్‌కి నవ్వులంటే గిట్టదు. ముక్కు ఎర్రబడింది.

"నవ్వండి! పని చేసేవాళ్ళని చూస్తే మీకు నవ్వే వస్తుంది. నేను నవ్వలేదు. ఆలోచించాను. ఇన్ని రకాలు నా ఉప్పు తింటున్నాయి, ఒక్కో రకానికి ఒక్కో విద్య ఉంది. ఆ విద్య ఎవరైనా అడిగారా వాటిని? ఎవరూ అడగలేదు. నేను అడిగాను. నల్లపిట్టలు ఆకుచెత్త ఎగరగొట్టి నేల గుల్ల చేశాయి. చుక్కల గోరింకల దండు దిగి, వరస కట్టి, వేరుపురుగుల్ని ఏరి పారేసింది. పొడుగుతోక పిట్టలున్నాయి కదా, సాలెగూడు దారంతో గూడు అల్లేవి, అవి నా చిక్కుడు తీగల్ని పందిరికి కట్టాయి. ఏ ముడి, ఏ తీగకి ఎంత బిగువు, అన్నీ వాటికే తెలుసు. నేను కడితే ఊడిపోయేది, అవి కట్టింది తుఫానుకి కూడా ఊడలేదు."

"మరి ఆ పందిరి ఏదీ?" అంది మ్యూరియెల్.

"తుఫాను పందిరిని తీసుకుపోయింది. ముడి ఊడలేదు!"

క్లెమ్‌కి పొలమారింది. ఎవరో వీపు తట్టారు.

"నీళ్ళకి నారాయణపక్షి. పీపా అంచున నిలబడి, గొంతునిండా పట్టుకుని, ఆ పొడుగుకాళ్ళతో మొక్కల మధ్య అడుగులో అడుగేసుకుంటూ, మొదళ్ళలో మాత్రమే పోసేది, ఆకు తడవనిచ్చేది కాదు. మీరు తెస్తారు చూడండి తుంపర డబ్బాలు, సిగ్గుపడండి! ఇన్ని పనులయ్యాయి, ఒక్కటే మిగిలింది. లోతు దుక్కి. దానికి చిన్నపిట్టలు చాలవు కదా? పెద్దవాళ్ళు కావాలి. పెద్దవాళ్ళెవరు?"

అందరూ కొద్దికొద్దిగా ముందుకు వంగారు. తానూ వంగానని హేజెల్ ఒక క్షణం ఆలస్యంగా గమనించి, తన మీద తనే విసుక్కుంది.

"అడవి బాతులు! చలికాలం ఐస్‌లాండ్ నుంచి మన ఊరి మీదుగా పోతాయి కదా. ఎలా పోతాయి? బాణం ములుకులా. ఎందుకలా పోతాయో తెలుసా? ఈ ప్రపంచంలో ఏ చదువుకున్నవాడికీ తట్టలేదు. అది నాగటి కర్రు ఆకారం! పుట్టుకతో రైతులు, పాపం, నేల దొరక్క ఆకాశం దున్నుకుంటున్నాయి. నాకు కడుపు తరుక్కుపోయింది. రెండు గుంజలు కలిపి కట్టి, పైన బార్లీ గంప పెట్టి నిలబెట్టాను. ముందున్న బాతు చూసింది, మెడ తిప్పింది, గుంపంతా దిగింది. నాగలి కట్టాను. అయ్యా, నా మడి ఒక్క చాలులో అయిపోయింది! వంపు తిరిగి రెండోసారి వస్తున్నాయి, సరిగ్గా అప్పుడు, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పరా, చంపకుండా," అన్నాడు క్లెమ్.

"పది గంటల రైలు కూత పెట్టింది. బాతులు జడుసుకున్నాయి. నాగలి లోతుగా దిగి ఉంది. లేచాయి చూడు గాల్లోకి! నాగలి, నాగలితో మడి, మడితో నా సామాన్ల గది, గది గుమ్మంలో నేను, నా చేతిలో టీ! కింద చూస్తే మీ మడులన్నీ అతుకుల దుప్పటిలా ఉన్నాయి. క్లెమ్ బట్టతల మెరుస్తోంది. మ్యూరియెల్ గారు వంగి ఎవరిదో మడి కొలుస్తున్నారు, మనిషి ఆకాశంలో పోతుంటే తలెత్తి చూశారా? చూడలేదు! నేను టీ తొణక్కుండా బార్లీ గింజలు ఒక్కొక్కటే కిందకి జారవిడిచాను. బాతులు గింజల వెంట దిగాయి. దిగాయి కానీ తిప్పు తిరిగి దిగాయి. మడి తలకిందులుగా కూర్చుంది."

మ్యూరియెల్ చేతిలో కెటిల్ అలాగే ఆగింది. "తలకిందులుగా?"

"బోర్లా! పంటంతా అడుగున ఉంది. లీకులు కిందకి పెరుగుతున్నాయి, ఇంత లావు, క్లెమ్ చూస్తే ఏడుస్తాడు. మీరు ఇందాకట్నుంచీ దురదగొండి, ముళ్ళకంప అని నోరు పారేసుకుంటున్నారే, అవి కలుపు కాదమ్మా. నా పంట వేళ్ళు!"

షెడ్డు రేకులు అదిరిపోయేలా నవ్వారు. ఒకాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. సెడ్రిక్ మాత్రం నిలువెల్లా మండిపోతున్నాడు. ఆ నవ్వుల్లోనే ఎవరో, "పోనీలెండి మ్యూరియెల్, ఉండనిద్దాం" అన్నారు. ఇంకెవరో అవునన్నారు. హేజెల్ షెడ్డులో చేతులు లెక్కపెట్టుకుంది. ఇలాగే ఉంటుంది. ఒకడు నవ్విస్తాడు, నవ్వినవాళ్ళు చేతులెత్తరు, ఇంకో నాలుగేళ్ళు. మనసులో నాటిన దుంపలన్నీ ఒక్కొక్కటే పైకి వచ్చి వాడిపోతున్నట్టనిపించింది.

దానికి తోడు సెడ్రిక్ ఆమె వైపు వేలు చూపించాడు.

"ఇంత వ్యవసాయం చేయించిన మడిని తీసుకుపోయి ఎవరికిస్తారట? వరసలో నిలబడ్డవాళ్ళకి! ఒక ముల్లంగి గింజల పొట్లం పట్టుకుని వస్తారు, నెలకి గోళ్ళలో మట్టి దూరిందని పోతారు. వీళ్ళకేం తెలుసు నేల సంగతి?"

హేజెల్ పొద్దున నాలుగింటికి లేచి పిండి పిసికిన చేతుల్ని కోటు జేబుల్లోంచి బయటికి తీసింది. సభ్యురాలు కాని మనిషి సంఘంలో మాట్లాడకూడదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. మ్యూరియెల్ వైపు చూసింది. మ్యూరియెల్ కెటిల్ కింద పెట్టింది, కాదనలేదు.

"సెడ్రిక్ గారూ, మడి ఎవరు దున్నారు?"

"బాతులు. చెవుల్లో దూది పెట్టుకున్నావా అమ్మాయ్?"

"మొక్కలు నాటడం?"

"వడ్రంగిపిట్ట. చిల్లి దానిది, దింపడం గోరింకలది."

"నీళ్ళు పోసింది నారాయణపక్షి, కట్లు కట్టింది పొడుగుతోక పిట్టలు. మీరేం చేశారు?"

"నేనా? నేను చెయ్యి పెట్టడమా, అంతటి పనివాళ్ళు ఉండగా!" సెడ్రిక్ రొమ్ము చరుచుకున్నాడు. "కిందటి వసంతం నుంచి పార ముట్టుకుంటే ఒట్టు!"

"మరి పంట?"

"పంట వాళ్ళే తింటారు. పండించినవాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కునే రకంలా కనిపిస్తున్నానా నీకు?"

"మీకేమిస్తారు?"

"పాట," అన్నాడు సెడ్రిక్. ఆ ఒక్క మాట మాత్రం కాస్త మెత్తగా అన్నాడు. "రోజూ పొద్దున్నే, వెలుగు రాకముందే నల్లపిట్ట గుంజ మీద కూర్చుని పాడుతుంది. వాన పడ్డా సరే, మంచు పడ్డా సరే. ఒక్కరోజు ఎగ్గొట్టలేదు."

"అయితే," అంది హేజెల్, "మడి మీ పేరున ఉంది. దున్నేది వాళ్ళు, నాటేది వాళ్ళు, తినేది వాళ్ళు. మీరు చెయ్యి పెట్టరు. రోజూ పొద్దున్నే మీకు పాట చెల్లిస్తారు. సెడ్రిక్ గారూ, మీరు మడిని మారుకౌలుకిచ్చారు."

ఇందాక కళ్ళు తుడుచుకున్నాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

థార్న్‌బెక్ మడుల్లో అంతకన్నా పెద్ద నేరం లేదు. కలుపు పెంచినవాడికి గడువిస్తారు. పక్కవాడి గుమ్మడికాయ కోసుకున్నవాడిని మందలించి వదిలేస్తారు. తన పేరున ఉన్న మడిని ఇంకొకరి చేత సాగు చేయించి, ప్రతిఫలం పుచ్చుకున్నవాడు మాత్రం ఆ పూటే తాళంచెవి ఇచ్చెయ్యాలి. కిందటేడు ఒకాయన బావమరిది చేత ఉల్లిపాయలు వేయించి, పండగకి ఒక బుట్ట పుచ్చుకుని మడి పోగొట్టుకున్నాడు. ఆయన భార్య ఇప్పటికీ సంఘంవాళ్ళు ఎదురైతే రోడ్డు దాటుతుంది. నాలుగేళ్ళు వరసలో నిలబడినవాళ్ళకి ఇలాంటివన్నీ కంఠతా వచ్చేస్తాయి.

"పట్టేసిందిరా," అన్నాడు క్లెమ్ మెల్లగా. ఈసారి నవ్వలేదు.

సెడ్రిక్ బల్ల అంచు పట్టుకున్నాడు. బస్సు మలుపు తిప్పబోయి ఎదురుగా గోడ చూసిన మనిషిలా ఉన్నాడు.

"ఇక చేతులెత్తే పని కూడా లేదు," అంది మ్యూరియెల్. ఆ మాట అన్నాక కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది, గొంతు తగ్గించింది. "సెడ్రిక్, ఒక్క మాట చెప్పండి. బాతులు లేవు, మడి లేవలేదు, దురదగొండి దురదగొండే అని. అప్పుడు మారుకౌలు మాటే ఉండదు. మిగిలేది సోమరితనం, దానికి గడువుంది. ఈస్టర్ దాకా ఇస్తాను. పార పట్టుకోండి, క్లెమ్ సాయం చేస్తాడు. మడి మీదే."

"చెప్పెయ్‌రా," అన్నాడు క్లెమ్. "బాతులు లేవు అను. రెండు ముక్కలు. ఎవరూ ఏమీ అనుకోం."

సెడ్రిక్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయన ఉండేది బస్సు డిపో వెనక గదిలో. కిటికీ తెరిస్తే డిపో గోడ, దాని మీద ఆయిలు మరకలు. అక్కడికి పావురం కూడా రాదు. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ ఆయన మొహంలోకి చూడ్డం లేదు. హేజెల్‌కి తెలీదు కానీ, అందరూ నేల చూపులు చూస్తుంటే ఏదో ఉందని అర్థమైంది. ఆయన లేవు అంటాడు. ఎవరైనా అంటారు. తనైతే ఆ మడి కోసం ఏనుగులు కూడా లేవు అనేది.

"లేవు అనాలా," అన్నాడు సెడ్రిక్ చివరికి.

"అంతే."

"నా బాతులు లేవని. నా నోటితో." లేచి నిలబడ్డాడు. ముక్కు మళ్ళీ ఎర్రబడింది. "అంత దూరం నుంచి వచ్చి, నా నాగలి మెడకెత్తుకున్నవాళ్ళని, ఈస్టర్ దాకా గడువు కోసం, లేరు పొమ్మనాలా? వడ్రంగిపిట్ట చేసిన పని నేను చేశాననాలా? రేప్పొద్దున గోల్డ్‌ఫించ్ ఎదురుగా కూర్చుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? సిగ్గుండాలి, మ్యూరియెల్! ఇలాంటి మాట అడగడానికి మనిషికి సిగ్గుండాలి!"

కోటు లోపలి జేబులోంచి తాళంచెవి తీశాడు. జనపతాడుకి కట్టి ఉంది. దాన్ని మ్యూరియెల్ చేతికివ్వలేదు, హేజెల్ ముందు బల్ల మీద పెట్టాడు. పెట్టి, చల్లారిన టీ మొత్తం ఒక్క గుక్కలో తాగి, మగ్గు బోర్లించి, టోపీ పెట్టుకున్నాడు. క్లెమ్ ఆయన మోచెయ్యి పట్టుకోబోయాడు. విదిలించుకున్నాడు.

హేజెల్ తాళంచెవి తీసుకుంది. ఒంటి వేడికి ఇంకా వెచ్చగానే ఉంది. ఇన్నేళ్ళుగా ఈ క్షణాన ఏమనాలో ఎన్నో అనుకుని ఉంది, ఒక్కటీ గుర్తు రాలేదు. తలుపు తెరుచుకుంది, చలిగాలి వచ్చింది, ఆ గాలితోపాటు దురదగొండి అవతల గుంజల మీంచి పిట్టల గోల వచ్చింది. గొట్టాలన్నీ అడుగంటిపోయినట్టున్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"సెడ్రిక్ గారూ," అంది గబుక్కున. "ఆ వలిసెలు ఎక్కడ దొరుకుతాయి?"

సెడ్రిక్ గడప మీద ఆగాడు. కోటు కాలరు పైకి లాక్కున్నాడు కానీ వెనక్కి తిరగలేదు.

"నన్నెందుకు అడుగుతావ్?" అన్నాడు. "నీ కౌలుదార్లని అడుగు."